తమను తాము గాయపరచుకుని క్యాజువాలిటీకి వచ్చేవారు: సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

పురుగుమందు తాగినవాళ్లు, మాత్రలు మింగినవాళ్లు, చెయ్యి కోసుకున్నవాళ్లు రాని క్యాజువాలిటీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఉండదు. హౌస్ సర్జన్ల బ్యాచ్ మారిన ప్రతిసారీ, కొత్త స్టాఫ్ నర్సులు చేరిన ప్రతిసారీ అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. అందుకే ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. వీటన్నిటి వెనకా మేం గట్టిగా నమ్మే మాట ఒకటుంది. ఈ రోగితో మాట్లాడే తీరు కూడా వైద్యమే. క్యాజువాలిటీలో చీవాట్లు తిన్న మనిషి, ఈసారి ప్రాణం మీదికి వచ్చినా గడప తొక్కడానికి జంకుతాడు.

ఇది చదువుతున్న మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ నంబరు. ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏమైనా మింగి ఉంటే, గాయం చేసుకుని ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

## రోగి వచ్చిన మొదటి నిమిషాలు

యాక్సిడెంట్ కేసులు ఆగి ఉంటే, తనంతట తాను కోసుకున్న మనిషిని ముందు చూడటం న్యాయమేనా?

ఎవరిని ముందు చూడాలో శ్వాస, నాడి, బీపీ, స్పృహ, రక్తస్రావం చెబుతాయి. గాయం ఎలా అయింది, ఎవరు చేశారు అన్నవాటికి ఆ లెక్కలో చోటు లేదు. నాడి నిలకడగా ఉంటే తన వంతు వచ్చేదాకా ఆగవచ్చు. కాకపోతే ఆగే చోటు చూసి ఇవ్వాలి. గేటు పక్కన బల్ల మీద, ఎవరి కంటా పడని మూల కూర్చోబెడితే గుట్టుగా లేచి వెళ్లిపోతారు. నర్సింగ్ స్టేషన్‌కి ఎదురుగా ఉన్న ట్రాలీ ఇవ్వండి. పక్కనే కత్తెరలు, బ్లేడ్లు, మందుల ట్రే, స్పిరిట్ సీసా ఉంటే తీసేయండి. కాపలాగా ఎవరో ఒకరి పేరు చెప్పి ఉంచండి. "అందరూ చూస్తుండండి" అంటే ఎవరూ చూడరు.

ఏం మింగారని అడిగితే అబద్ధం చెబుతారు. నిజం రాబట్టేదెలా?

అబద్ధం వెనక భయం ఉంటుంది. పక్కన అత్తగారో నాన్నగారో నిలబడి ఉంటారు, బయట అవుట్‌పోస్ట్ కానిస్టేబుల్ కనిపిస్తుంటాడు. ముందు బంధువులను పని మీద బయటికి పంపండి. ఇంట్లో దొరికిన సీసా, ఖాళీ స్ట్రిప్పులు తెమ్మంటే రెండు పనులూ అవుతాయి. తర్వాత తగ్గు గొంతుతో, "ఏం తీసుకున్నారో తెలిస్తే దానికి తగ్గ మందు ఇస్తాం. తప్పుపట్టడానికి అడగడం లేదు" అని చెప్పండి. అడగాల్సినవి ఇవి: ఏమిటి, ఎంత, ఎన్ని గంటలకు, ఒకేసారా విడతలుగానా, మద్యంతో కలిపా, వాంతి అయిందా. పెద్దవాళ్లను మీరు అనే పిలవండి. పదహారేళ్ల పిల్ల అయితే "అమ్మా" అనండి.

మనిషి మామూలుగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. ఉత్త బెదిరింపు అనుకోవచ్చా?

వద్దు. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ కనపడకపోవచ్చు. కాలేయం దెబ్బతిన్నదని రెండు మూడు రోజులకు గానీ బయటపడదు. దీనికి విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. మింగిన 8 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. రక్తంలో మోతాదు చూసే సౌకర్యం ఉంటే మింగాక 4 గంటలు దాటిన తర్వాతే నమూనా తీయాలి, అంతకు ముందు తీస్తే ఆ అంకెను నమ్మలేం. సౌకర్యం లేకపోతే చెప్పిన మోతాదును, గడిచిన సమయాన్ని బట్టి నిర్ణయించండి. చావాలన్న ఉద్దేశం ఎంత బలంగా ఉందో గాయం లోతు చెప్పదు. చాలామందికి తాము మింగినదాని ప్రభావం ఎంతో తెలియదు కూడా.

## చికిత్స చేసేటప్పుడు

స్టమక్ వాష్ చేస్తే మళ్లీ ఈ పని చేయకుండా బుద్ధి వస్తుందంటారు. నిజమేనా?

కాదు. బాధపెడితే మళ్లీ చేయరన్నదానికి ఆధారం లేదు. హాని మాత్రం బోలెడంత ఉంది. విషం తాగి సుమారు గంట లోపు వచ్చి, ప్రాణాపాయం ఉన్న మోతాదు అయి, శ్వాసమార్గం భద్రంగా ఉంటేనే కడుపు కడగడం గురించి ఆలోచించాలి. యాసిడ్, క్షారం, కిరోసిన్ తాగినవాళ్లకు చేయకూడదు. స్పృహ తప్పినవాళ్లకు ఊపిరి గొట్టం వేయకుండా చేయకూడదు. నలుగురు పట్టుకుని గొట్టం తోస్తే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయి, విషం చేయని పని న్యుమోనియా చేస్తుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం ఇంకా ప్రమాదం, రక్తంలో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది.

వాష్ హడావుడిలో అసలు వైద్యం ఆలస్యం కావడం మరో నష్టం. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగి చెమటలు, నోట్లో నురగ, ఛాతీలో గురగుర, నెమ్మదించిన నాడితో వచ్చినవారికి ముందు కావాల్సింది ఆక్సిజన్, అట్రోపిన్ అనే విరుగుడు మందు. పెద్దవారికి మొదట 1.8 నుంచి 3 మి.గ్రా. సిరలోకి ఇస్తారు. 0.6 మి.గ్రా. ఆంపూల్స్ అయితే 3 నుంచి 5. ప్రతి 5 నిమిషాలకూ చూసి, చాలకపోతే మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. ఛాతీలో గురగుర పోయి, నాడి 80 దాటి, పై బీపీ 80 దాటేదాకా ఆపకూడదు. కనుపాప పెద్దదైంది కదా అని ఆపేయడం తరచుగా జరిగే పొరపాటు.

తనే కోసుకుంది కదా, కుట్లకు లోకల్ (గాయం దగ్గర ఇచ్చే మత్తు సూది) ఇవ్వకపోతే ఏమవుతుంది?

వేరే రోగికి ఇవ్వకపోతే ఏమవుతుందో అదే. కోసుకునే క్షణంలో నొప్పి తెలియలేదన్నవాళ్లు ఉంటారు. సూది గుచ్చుతున్నప్పుడు మాత్రం వాళ్లకూ అందరిలాగే తెలుస్తుంది. మత్తు లేకుండా కుట్టడం శిక్షే, దానికి వేరే పేరు లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2004 మార్గదర్శకాల్లోనే, ఇలాంటి గాయాలకు చికిత్స చేసేటప్పుడు మత్తు గానీ నొప్పి మందు గానీ ఇవ్వాలని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. రాయాల్సి వచ్చిందంటే ఎన్నిచోట్ల ఇవ్వడం లేదో ఆలోచించండి.

లోకల్ ఇచ్చే ముందే వేళ్ల కదలిక, స్పర్శ, రక్తప్రసరణ చూసి రాయండి. మత్తు ఎక్కాక నరం తెగిందో లేదో తెలియదు. అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ కిలోకు 3 మి.గ్రా. మించకూడదు. 50 కిలోల మనిషికి 150 మి.గ్రా., అంటే 2 శాతం ద్రావణం 7.5 మి.లీ. కొన్ని నిమిషాలు ఆగి, సూది మొనతో తాకి చూసి, అప్పుడు కుట్టండి. టీటీ ఎప్పుడు వేశారో కనుక్కోండి. పాత మచ్చలు కనిపిస్తే లెక్కపెట్టి వ్యాఖ్యానించవద్దు. "ఈ గాయం మానడానికి ఏం చేయాలో చెబుతాను" అని ఇప్పటి పని చూడండి.

తిరగబడుతుంటే చేతులు కట్టేయొచ్చా?

తక్షణం తనకో ఇతరులకో హాని జరగబోతుంటే, ఇంకే దారీ లేకపోతే, అది కూడా ఎంతసేపు తప్పదో అంతసేపే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ మానసిక ఆరోగ్య సంస్థల్లో కట్టేయడాన్ని శిక్షగా గానీ, సిబ్బంది చాలడం లేదని గానీ వాడకూడదంటుంది. క్యాజువాలిటీకీ అదే కొలమానం. కట్టాల్సి వస్తే కారణం, మొదలుపెట్టిన సమయం, విప్పిన సమయం కేస్ షీట్‌లో రాయండి. మణికట్టు కింద రక్తప్రసరణ చూస్తూ ఉండండి. ఆక్సిజన్ తగ్గినా, చక్కెర పడిపోయినా, అట్రోపిన్ ఎక్కువైనా మనిషి తిరగబడతాడు. కట్టేముందు ఇవి చూశారా?

## మాట్లాడేటప్పుడు

"చావాలనుకున్నారా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

కాదు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, చెప్పుకునే వీలు దొరుకుతుంది. తెర లాగి, కుర్చీ వేసుకుని, రోగి కళ్లకు సమానంగా కూర్చుని అడగండి. ట్రాలీ కాళ్ల వైపు నిలబడి వార్డంతా వినేలా అడిగితే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. వరుస ఇలా ఉంటే తేలిక: "ఈమధ్య బతకడం కష్టంగా అనిపిస్తోందా?", "ఇది చేసేటప్పుడు చనిపోవాలనుకున్నారా, లేక ఆ బాధ ఆగితే చాలనుకున్నారా?", "ఇప్పుడు కూడా ఆ ఆలోచన ఉందా?", "ఇంటికి వెళ్తే మళ్లీ చేసుకోవడానికి ఏదైనా అందుబాటులో ఉందా?", "మీతో ఎవరుంటారు?" జవాబు విన్నాక "పిల్లల్ని చూసైనా ఆగాలనిపించలేదా?" అనవద్దు. ఆ మాట ఇంట్లో ఇప్పటికే పదిమంది అని ఉంటారు. దానితో సిగ్గు పెరుగుతుంది, మాట ఆగిపోతుంది.

ఒకే అమ్మాయి మళ్లీ మళ్లీ వస్తోంది. అటెన్షన్ కోసమే అనుకుంటే తప్పేంటి?

మళ్లీ మళ్లీ రావడం అపాయం పెరుగుతోందనడానికి గుర్తు. తనను తాను గాయపరచుకున్న చరిత్ర తర్వాతి రోజుల్లో ఆత్మహత్యకు దారితీసే ముఖ్యమైన ప్రమాద సూచనల్లో ఒకటి. సిబ్బంది ధోరణిపై వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2012లో చేసిన సమీక్షలో తేలింది దీనికి సరిగ్గా ఎదురు: జనరల్ ఆసుపత్రి సిబ్బందికి చిరాకు ఎక్కువగా కలిగేది తరచుగా వచ్చేవారి మీదే. అంటే ఎవరికి అపాయం ఎక్కువో వారికే మన ఆదరణ తక్కువ.

తట్టుకోలేని కోపం, శూన్యం, అవమానం ఆ కాసేపు తగ్గుతాయని కోసుకునేవాళ్లు చాలామంది. ఎక్కువమంది పొడుగు చేతుల జాకెట్టు కింద దాచుకుంటారు. ఎవరికీ చూపించరు. ఒకవేళ ఎవరైనా పట్టించుకోవాలనే చేశారనుకుందాం. పట్టించుకునేవాళ్లు లేకనే కదా ఇంతదాకా వచ్చింది. "మళ్లీ నువ్వేనా" అనే బదులు "పోయినసారికీ ఈసారికీ ఏం మారింది?" అనండి. పద్ధతి మారిందా, ఒంటరిగా ఉండగా చేసిందా, ఎవరికీ చెప్పకుండా దాచిందా అన్నవి ఆ జవాబులోనే బయటపడతాయి. కేస్ షీట్‌లో "అలవాటుగా చేస్తుంది", "నాటకం" అని రాయకండి. తర్వాతి షిఫ్ట్ డాక్టర్ రోగిని చూసే ముందు ఆ మాటలనే చూస్తాడు.

మద్యం మత్తులో ఉన్నాడు. ఇప్పుడు ఏం అడిగినా దండగ కదా?

పూర్తి వివరాలు మత్తు దిగాక తీసుకోవచ్చు. ఏం మింగాడు, ఇప్పుడు చావాలని ఉందా అన్న రెండూ మాత్రం ఇప్పుడే అడగాలి. మత్తు దిగకముందే ఇంటికి పంపకండి.

ఆత్మహత్య ముప్పు ఎంతో లెక్కకట్టే స్కోరు వేస్తే తక్కువ రిస్క్ వచ్చింది. పంపించేయొచ్చా?

స్కోరు చూసి పంపకూడదు. ముందు ముందు ఎవరు ప్రాణం తీసుకుంటారో చెప్పడానికి రిస్క్ స్కేళ్లు వాడవద్దనీ, ఎవరికి చికిత్స ఇవ్వాలో వాటితో నిర్ణయించవద్దనీ నైస్ 2022 మార్గదర్శకం స్పష్టంగా చెప్పింది. తక్కువ రిస్క్ అని తేలినవారిలోనూ ప్రాణాలు పోతున్నాయి. అంకె వేసే బదులు ఆ సమయంలో ఆ మనిషి ఇబ్బందులు ఏమిటి, ఆసరా ఎవరు, ఇంటికెళ్తే ఏం ఎదురవుతుంది అన్నవి కూర్చుని కనుక్కోండి.

## పోలీసులు, చట్టం, కాగితాలు

ఆత్మహత్యాయత్నం నేరమేనా? ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసుగా నమోదు) రాస్తే రోగి మీద కేసు పెడతారా?

పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 309వ సెక్షన్ ప్రకారం నేరంగా ఉండేది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ దాన్ని దాదాపు పక్కన పెట్టింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరే విధంగా రుజువైతే తప్ప విచారించి శిక్షించకూడదు. మళ్లీ అలా జరగకుండా సంరక్షణ, చికిత్స, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి సమానమైన సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకోవడానికో, బలవంతపెట్టడానికో చేసే ప్రయత్నం మాత్రం 226వ సెక్షన్ కింద నేరం.

విషం కేసులను ఎం.ఎల్.సి.గా నమోదు చేసి పోలీసులకు సమాచారం ఇవ్వడం ఆసుపత్రుల్లో మామూలు. అది సమాచారమే, ఎఫ్ఐఆర్ కాదు. ఆ తేడా రోగికి చెప్పండి, సగం భయం తీరుతుంది. వేధింపులో, గృహహింసో దీని వెనక ఉంటే రేపు ఆధారంగా నిలిచేది కూడా ఆ నమోదే. కాగితం పనికోసం వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. "ఎం.ఎల్.సి. కేసు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని గేటు దగ్గరే తిప్పి పంపడం ఆ తీర్పుకు విరుద్ధం.

బంధువులు "యాక్సిడెంట్ అని రాయండి సార్, పిల్ల పెళ్లి చెడిపోతుంది" అని బతిమాలుతుంటే?

అబద్ధం రాయకండి, కసురుకోకండి. రికార్డులోని విషయాలు ఊళ్లోవాళ్లకు ఎవరూ చెప్పరని, మానసిక ఆరోగ్య వివరాలు గోప్యంగా ఉంచడం చట్టప్రకారం రోగి హక్కని చెప్పండి. యాక్సిడెంట్ అని రాస్తే మానసిక వైద్యుడికి చూపించరు, అక్కడే నష్టం. రాసేటప్పుడు "రోగి చెప్పిన ప్రకారం" అని మొదలుపెట్టి ఆమె మాటలే రాయండి. మీ ఊహలు కలపకండి. చెప్పినదాన్ని మీరు మాత్రం గోప్యంగా ఉంచండి. ట్రాలీ తోసుకెళ్తూ వార్డ్ బాయ్‌తో "మందు తాగిన కేసు" అని గట్టిగా అంటే ఇచ్చిన హామీకి విలువ ఉండదు.

రోగి పద్దెనిమిదేళ్ల లోపు అయితే?

తల్లిదండ్రుల సమ్మతి అవసరం. అయినా పిల్లలతో కాసేపు విడిగా మాట్లాడాలి. లైంగిక హింస జరిగిందని చెబితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. ఈ సంగతి మొదటే చెప్పండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చి తప్పకండి.

చికిత్స వద్దని సంతకం పెట్టి వెళ్లిపోతానంటే?

సంతకం తీసుకుంటే మన బాధ్యత తీరదు. తన పరిస్థితి, వెళ్లిపోతే జరిగేది అర్థం చేసుకునే స్థితిలో ఉన్నారా అని ముందు చూడాలి. మానసిక అనారోగ్యం వల్ల ప్రాణాపాయం గానీ, తనకు తాను తీవ్రహాని చేసుకునే ముప్పు గానీ ఉంటే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 94వ సెక్షన్ ప్రకారం ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా అత్యవసర చికిత్స ఇవ్వవచ్చు. నామినేటెడ్ ప్రతినిధి (చికిత్స నిర్ణయాల్లో రోగి తరఫున నిలిచే వ్యక్తి) అందుబాటులో ఉంటే వారి సమ్మతి తీసుకోవాలి. పరిమితి 72 గంటలు. దానికి ముందు ఎందుకు వెళ్తానంటున్నారో అడగండి. బిల్లు భయమో, ఇంట్లో ఉన్న చంటిపిల్లో, ఇందాక ఎవరో అన్న మాటో కారణమై ఉంటుంది. వాటిలో చాలావరకు అక్కడికక్కడే సర్దవచ్చు.

## ఇంటికి పంపే ముందు, తర్వాత

మా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్ లేరు. ఇక మేం చేయగలిగేదేముంది?

చాలా ఉంది. వెళ్లేలోపే రోగి పక్కన కూర్చుని 14416కి ఫోన్ కలిపి మాట్లాడించండి. నంబరు రాసి చేతిలో పెడితే చేసేవాళ్లు తక్కువ. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఓపీ ఏ రోజు, ఏ గదిలో, ఎవరిని అడగాలి అన్నది చీటీ మీద రాయండి. తర్వాత పావుగంట కూర్చుని ఆరు విషయాలు రోగి మాటల్లోనే రాయించండి: ముప్పు దగ్గరికొస్తోందని తనకు తెలిసే గుర్తులు, అప్పుడు తనంతట తాను చేయగల పని, వెళ్లి కాసేపు కూర్చోగల చోటు లేదా మనుషులు, సాయం అడగగల బంధువు పేరు, ఫోన్ చేయాల్సిన వైద్య నంబర్లు, ఇంట్లో హాని చేసే వస్తువులు ఎలా దూరం పెట్టాలి.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. పురుగుమందు ఇంట్లో గానీ పశువుల పాకలో గానీ ఉండకూడదు. వేరేచోట తాళం వేసి పెట్టాలి, తాళంచెవి రోగి చేతికి అందకూడదు. మాత్రలు నెలకు సరిపడా రాయకుండా కొద్ది రోజులకే రాసి, ఇంట్లో ఒకరి దగ్గర ఉంచమనండి. ఇది రోగి ముందే మాట్లాడండి, "మిమ్మల్ని నమ్మక కాదు, ఆ గండం గడిచే సమయం కోసం" అని చెప్పండి.

ఇంటికి పంపాక ఫోన్ చేస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో పాటు బ్రెజిల్, శ్రీలంక, ఇరాన్, చైనాల్లోని ఒక్కో నగరంలో అత్యవసర విభాగాలకు వచ్చిన 1,867 మందితో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. ఒక వర్గానికి మామూలు చికిత్స ఇచ్చారు. రెండో వర్గానికి డిశ్చార్జ్ దగ్గరపడ్డాక గంటసేపు ఒక్కొక్కరితో మాట్లాడి, తర్వాత 9 సార్లు ఫోన్ చేయడమో ఇంటికి వెళ్లడమో చేశారు. 1, 2, 4, 7, 11 వారాలకు, ఆపై 4, 6, 12, 18 నెలలకు. ఏడాదిన్నరలో ఆత్మహత్య వల్ల మరణించినవారు మొదటి వర్గంలో 2.2 శాతం, రెండో వర్గంలో 0.2 శాతం. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. ఒక రిజిస్టర్, ఒక ఫోన్, బాధ్యత తీసుకునే ఒక నర్సు చాలు. ఫోన్ చేసే ముందు ఏ నంబరుకు చేయాలో, వేరెవరైనా తీస్తే ఏం చెప్పాలో రోగినే అడిగి రాసుకోండి.

(ఇది రోగి బంధువుల ప్రశ్న) క్యాజువాలిటీలో మా అబ్బాయిని అందరి ముందూ తిట్టారు. మేమేం చేయాలి?

ముందు వైద్యం ఆపకండి, మధ్యలో తీసుకెళ్లిపోకండి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే ఆర్.ఎం.ఓ. (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్)కి గానీ సూపరింటెండెంట్‌కి గానీ, ప్రైవేటు అయితే యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీ, సమయం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. అబ్బాయికి మాత్రం ఒక సంగతి విడిగా చెప్పండి: వాళ్లు అలా మాట్లాడటం తప్పు, నువ్వు ఆసుపత్రికి రావడం సరైన పని.

వరుసగా నైట్ డ్యూటీలు. మేమూ మనుషులమే, కోపం రాదా?

వస్తుంది. పక్క బెడ్‌లో బతకాలని పెనుగులాడే మనిషి పోతుంటే, చావాలని వచ్చిన మనిషిని చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఏం చేసినా మళ్లీ వస్తారన్న నిస్సహాయత ఆ కోపానికి మూలం. కోపం వచ్చినందుకు సిగ్గుపడక్కర్లేదు, అది రోగి మీదికి పోకుండా చూసుకోవాలి. పళ్లు బిగుస్తున్నాయనిపిస్తే పక్కవారికి "నువ్వు కాసేపు చూడు" అని చెప్పి తప్పుకోండి. ఆ మాట అనడం తేలికయ్యేలా చూడాల్సింది సీనియర్లే. హౌస్ సర్జన్లు నేర్చుకునేది సీనియర్ పాఠం నుంచి కాదు, అతను రోగి ముందు వాడే మాటల నుంచి. శిక్షణతో సిబ్బంది ధోరణి మెరుగవుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ శిక్షణకు ఆయాలను, సెక్యూరిటీ గార్డులను, ఓపీ చీటీ రాసే గుమాస్తాను కూడా పిలవండి. రోగికి మొదటి మాట వినపడేది వాళ్ల నోటి నుంచే.